మున్సిపాలిటీ కుక్కల షెల్టర్ మాడ్యులర్‌ల కడ్తే ఎట్లుంటది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కటే ముచ్చట పది మందికి పది సార్లు ఫోన్ల చెప్పుడు అయితలేదని ఇది రాస్తున్న. నేను సివిల్ చదివి ప్రీఫ్యాబ్, అంటే ఫ్యాక్టరీల చేసి సైట్ మీద బిగించే పనులల్ల పడ్డ మనిషిని, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు షెల్టర్ పనులు దగ్గరుండి చూసిన, అండ్ల ఒకటి పాడైతే కూడ దగ్గరుండే చూసిన. వార్డు మెంబర్లు, ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), జంతువుల సంస్థలోళ్ళు, కాలనీ పెద్దమనుషులు అడిగే ప్రశ్నలే ఇవి. పశువుల డాక్టర్ చెప్పాల్సినయ్ డాక్టర్‌నే అడగండి, నేను కట్టుడు సంగతే చెప్త.

మాడ్యులర్ అంటే ఏంది, కంటైనర్ డబ్బలేనా?

డబ్బ ఒక్కటే కాదు. మన దగ్గర మూడు నాలుగు తీర్లు దొరుకుతయ్. ఒకటి పోర్టా క్యాబిన్, అంటే ఫ్యాక్టరీల మొత్తం రూమ్ తయారైతది, కరెంట్ వైర్లతో సహా, లారీల వచ్చి దిగుతది. రెండోది ప్యానెల్ కిట్, ఇనుప ఫ్రేమ్ సైట్ మీద బిగించి దానికి శాండ్‌విచ్ ప్యానెల్స్ తొడుగుతరు, రెండు రేకుల మధ్యల ఫోమ్ ఉంటది సూడు గవి. మూడోది రెడీమేడ్ సిమెంట్ పలకల గోడ, హైవే పొడుగూత వెంచర్ల చుట్టూ ఖాళీ ప్లాట్లకి వేస్తరు గదా అదే, కాంపౌండ్‌కి మంచిగ పనికొస్తది. ఇగ పెద్ద షెడ్లకి వేసే పీఈబీ (ఫ్యాక్టరీల చేసి తెచ్చే ఇనుప ఫ్రేమ్) స్ట్రక్చర్ ఉండనే ఉంది.

షెల్టర్‌కి ఇవన్నీ కలిపి వాడాలె. అంతా డబ్బలతోనే కట్టేస్తం అనేటోడు డబ్బలు అమ్మేటోడు అయ్యుంటడు.

షెల్టర్ అంటే ఊర్లున్న కుక్కలన్నిటిని తెచ్చి పెట్టుడా?

కాదు, ఇదే అందరు తప్పుగ అనుకునేది. 2023 మార్చిల వచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం వీధికుక్కని పట్టుకొస్తరు, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేస్తరు, రేబిస్ టీకా వేస్తరు, కోలుకున్నంక ఏ గల్లీల పట్టిన్రో అదే గల్లీల ఇడిసిపెడ్తరు. ఇడిసిపెట్టుడు ఎందుకు అంటే ఆ జాగ ఖాళీ అయితే పక్క ఊరి నుంచి ఆపరేషన్ కాని కొత్త కుక్కలు వచ్చి కూసుంటయ్, తినడానికి చెత్త ఉన్నన్ని రోజులు జాగ ఖాళీగ ఉండదు.

అయితే 2025ల సుప్రీంకోర్టుల దీని మీద మస్తు నడిచింది. ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటిని షెల్టర్లల్ల పెట్టమన్నరు, ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చి, రేబిస్ ఉన్నయ్, అనుమానం ఉన్నయ్, మీద పడి కరిసేటియ్ తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ అయినంక ఎక్కడియక్కడ ఇడువుమన్నది. మళ్ళ నవంబర్ 7న ఇంకో ఆర్డర్ వచ్చింది, బళ్ళు, కాలేజీలు, దవాఖానలు, స్పోర్ట్స్ కాంప్లెక్సులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లల్ల ఉన్న కుక్కల్ని తీసి షెల్టర్‌కి మార్చాలె, మళ్ళ అక్కడనే ఇడువొద్దు అని. గీ నవంబర్ ఆర్డర్ వచ్చినంకనే మున్సిపాలిటీలు జల్ది జల్ది షెల్టర్ అనుడు మొదలుపెట్టినయ్. దాని తర్వాత కూడ ఆర్డర్లు వచ్చి ఉండొచ్చు కాబట్టి టెండర్ పిలిచే ముందు తాజా ఆర్డర్ ఏముందో ఒక్కసారి చూస్కోండి.

కట్టేటోళ్ళకి దీంతోని తేలేది ఏందంటే, మీరు కట్టేది ఒక్క బిల్డింగ్ కాదు, రెండు. ఒకటి దవాఖాన లెక్క, కుక్క వచ్చి ఐదారు రోజులుండి పోయేది. రెండోది హాస్టల్ లెక్క, బస్టాండ్ నుంచి తెచ్చిన కుక్క బతికినన్ని రోజులు ఉండేది, అంటే పదేండ్లు కూడ కావచ్చు. మొదటిదానికి మాడ్యులర్ మంచిగ కుదురుతది. రెండోదానికి చెట్లు, నీడ, మన్ను, కంచె, కొంచెం షెడ్డు కావాలె, డబ్బల్ల పదేండ్లు ఎట్ల ఉంటది జీవి?

ఎన్ని కుక్కలకి కట్టాలె?

ఊర్ల ఎన్ని కుక్కలున్నయ్ అని లెక్క మొదలుపెడ్తరు, అది తప్పు. రోజుకి ఎన్ని ఆపరేషన్లు అయితయ్, ఒక్కో కుక్క ఎన్ని రోజులుంటది, ఈ రెండే కావాలె. పొద్దున ఒక డాక్టర్ పది చేస్తడు అనుకోండి, కుక్క ఆపరేషన్‌కి ముందు ఒక రోజు, తర్వాత నాలుగు రోజులు ఉంటది, ఐదు రోజులు, పదింతలైదు యాభై కెన్నెల్స్, అంటే కుక్కల గదులు. ఇగ దీనికి కలుపుకుంట పోవాలె: కరిసినయ్ పది రోజులు చూపుల ఉంచాలె కాబట్టి వేరే ఆరేడు, ఈనిన కుక్కలు పిల్లలతోని వస్తయ్ వాటికి నాలుగు పెద్దయ్, రోగమున్నయ్ ఐదారు, కడిగి ఆరబెట్టినయ్ ఎప్పుడూ ఓ ఐదు ఖాళీ. డెబ్బై దాకా పోతది. డెబ్బై కట్టి రెండు వందల కుక్కల్ని కుక్కితే అది షెల్టర్ కాదు, రోగాల ఫ్యాక్టరీ. డాక్టర్ పోస్ట్ లేకుండ కెన్నెల్స్ కట్టుడు ఇంకో రకం పిచ్చి, గది నేను ఆపలేను.

మామూలుగ ఇటుక, సిమెంట్‌తోని కడ్తే ఏమైతది? ఎందుకీ తిప్పలు?

ఏం గాదు, నిజం చెప్పాలంటే ఇటుకతోని కూడ మంచిగనే అయితది. మాడ్యులర్‌ల లాభం టైమ్. సైట్‌ల పునాది తవ్వుతుంటే ఫ్యాక్టరీల గది తయారైతుంటది, రెండు పనులు ఒక్కసారి నడుస్తయ్. వానాకాలంల మన సైట్లు ఆగిపోతయ్ కానీ ఫ్యాక్టరీ ఆగదు. ఇంకోటి, ఇయ్యాల ముప్పై కెన్నెల్స్ పెట్టి రెండేండ్లకి ఇంకో ఇరవై పెంచుడు తేలిక. మున్సిపాలిటీ జాగ అంటే మీకు తెల్సు గదా, ఇయ్యాల షెల్టర్‌కి ఇచ్చిన్రు రేపు ఇంకోదానికి కావాలె అంటరు, అప్పుడు గదులు లేపి తీసుకపోవచ్చు.

పైసలు తక్కువైతయ్ అని మాత్రం ఎవ్వలకి చెప్పకండి. కావు.

కరెక్ట్‌గ ఏ భాగం ఫ్యాక్టరీల చేయించాలె, ఏది సైట్‌ల చెయ్యాలె?

నా లెక్క ఇది: పొడిగ ఉండేవన్నీ ఫ్యాక్టరీల, తడిగ ఉండేవన్నీ సైట్‌ల.

ఆపరేషన్ థియేటర్, మందుల రూమ్, డాక్టర్ రూమ్, రికార్డుల రూమ్, వాచ్‌మన్ రూమ్, ఇవి పోర్టా క్యాబిన్ లెక్క తెప్పించండి. థియేటర్‌కి ఇదే బెస్ట్, గోడలు నున్నగ ఉంటయ్, మూలలు మూసి వస్తయ్, ఏసీ పెడ్తే సల్లగ ఆగుతది, లైట్లు, ఆక్సిజన్ లైన్ అన్నీ ఫ్యాక్టరీల టెస్ట్ చేసి పంపుతరు. ఏబీసీ సెంటర్‌ల తీసిన అవయవాలు ఫార్మలిన్‌ల పెట్టి లెక్క చూపియ్యాలె, దానికి బయటికి గాలి గుంజే ఫ్యాన్ ఉన్న చిన్న రూమ్ అడగండి, ఆ వాసన పీల్చుకుంట పని చేసుడు మనుషులకి మంచిది కాదు.

కెన్నెల్స్‌కి మాత్రం ఫ్లోర్, మోరీ, కింద నాలుగడుగుల గోడ సైట్‌ల కాంక్రీట్‌తోని కట్టండి, పైన జాలి, పైకప్పు ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకోండి.

ఎందుకు అంత ఫ్లోర్, ఫ్లోర్ అంటవు?

ఎందుకంటే ఒక దగ్గర నిలబడి కండ్లార చూసిన. ఊరి పేరు వద్దు. ఇరవై డబ్బలు వరుసగ దించిన్రు, తెల్లగ మెరుస్తున్నయ్, ఓపెనింగ్‌కి పూలదండలు, ఫోటోలు, అంతా మంచిగనే అయింది. లోపల ఫ్లోర్ సిమెంట్ బోర్డు మీద పీవీసీ షీట్, ఆఫీసులకి వేస్తరు గదా గది. కుక్కల గదికి కూడ అదే వేసిన్రు, ఎందుకంటే డ్రాయింగ్ ఆఫీసు క్యాబిన్‌దే, పేరు మార్చిన్రు అంతే. వాలు లేదు. డబ్బ సాపుగ ఉంటేనే మంచిగ దించినట్టు అని లెవెల్ పెట్టి మరీ దించిన్రు.

మూడు నెలలకి పోయిన. పొద్దున ఏడు గంటలు, సఫాయి ఆమె పైపు పట్టి కడుగుతున్నది, నీళ్ళు దర్వాజ దిక్కు పోవుడు లేదు, మూలకి పోయి నిలుస్తున్నయ్, ఆమె చీపురుతోని గుంజి గుంజి బయటికి తోస్తున్నది, కుక్క ఆ తడిలనే ఒక మూలకి ఒదిగి నిలబడ్డది, దాన్ని పెట్టడానికి వేరే జాగ లేదు. ఒక మూల షీట్ లేచింది, నేను పట్టి లేపితే కింద బోర్డు మెత్తగ అయ్యి వేలు పెడ్తే దిగుతున్నది, ఆ వాసన చెప్పలేను. ఆమె ఒక్క మాట అన్నది, "సారూ, ఇది కడిగితే పోదు, ఇది అడుగుల ఉన్నది." రోజు కడిగే మనిషికి మూడు నెలల కిందనే తెల్సు, అడిగినోళ్ళు లేరు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి, వాలు యాభైకి ఒకటి, అంటే పదడుగులకి రెండు, రెండున్నర అంగుళాలు. గోడ, ఫ్లోర్ కలిసే దగ్గర కోణం ఉండొద్దు, గుండ్రంగ తిప్పాలె, కోణం ఉంటే అక్కడ మురికి పట్టి పోదు. మీద ఎపాక్సీ కోటింగ్ వేయండి, మరీ నున్నగ వద్దు, కుక్క కాలు జారుతది. మనోళ్ళు ప్రేమతోని తాండూరు బండలు వేస్తం అంటరు, చూడ సక్కగనే ఉంటయ్, కానీ ప్రతి బండ మధ్యల సందు మూత్రం తాగుతది, అది మళ్ళ పోదు. ఆఫీసు వరండాకి వేసుకోండి బండలు.

మోరీ కెన్నెల్స్ లోపల నుంచి పోవొద్దు, ఒక కుక్క గలీజు ఇంకో కుక్క ముందు నుంచి పారితే రోగం కూడ పారినట్టే. ప్రతి కెన్నెల్ బయటికి ఇడువాలె, బయట జాలి మూత ఉన్న మోరీ, వెంట్రుకలు ఆపడానికి ఒక తొట్టి, ఆడ నుంచి సెప్టిక్ ట్యాంక్. డబ్బ రెండు రోజుల్ల వస్తది, మోరీకి నెల పడ్తది, దాన్ని ముందు మొదలుపెట్టండి.

కుక్క లోపలుండంగ కడుగుడు ఎట్ల?

ఒక్కో కెన్నెల్ రెండు భాగాలు చెయ్యండి, మధ్యల పైకి గుంజే తలుపు, తాడు బయట నుంచి. కుక్కని అటు పంపి ఇటు కడుగుతరు, ఆరినంక ఇటు పంపి అటు కడుగుతరు. దీంతోని సఫాయి మనిషికి కరిసే భయం తక్కువ, కుక్కకి తడి బాధ లేదు. ఎస్టిమేట్ తగ్గించమంటే మొట్టమొదట ఈ మధ్య తలుపే కొట్టేస్తరు, అక్కడ గట్టిగ పట్టుపట్టండి.

మన ఎండలకి రేకుల డబ్బల కుక్కలు బతుకుతయా?

నల్గొండల మే నెలల 45 డిగ్రీలు దాటుడు కొత్తేం కాదు. సాదా రేకు డబ్బ అయితే పొయ్యి మీద గిన్నెనే. కుక్కకి మన లెక్క ఒళ్ళంత చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతేనే దాని ఒళ్ళు సల్లవడ్తది. అందుకే ఉట్టి ఫ్యాన్ తిరిగితే మనకున్నంత హాయి దానికి ఉండదు. కూలర్ పెడ్తం అంటరు, పెట్టొచ్చు, కానీ గాలి బయటికి పోయే దారి లేకుంటె లోపల ఉబ్బరం పెరిగి కుక్క ఎంత రొప్పినా ఫాయిదా ఉండదు. కూలర్‌కి ఎదురుంగ ఎగ్జాస్ట్ తప్పకుండ ఉండాలె.

పైకప్పు మీద ఖర్చు పెట్టండి. యాభై కాదు, ఎనభై లేకుంటె వంద మిల్లీమీటర్ల ప్యానెల్, తెల్ల రంగు. దాని మీద రెండు మూడడుగులు ఎడం ఇడిసి ఇంకో షెడ్డు రేకు, మధ్యల గాలి ఆడుతది, ఎండ మొత్తం పై రేకే మింగుతది. 2023ల తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, సర్కారు బిల్డింగులకి కూల్ రూఫ్ ఉండాల్నని అండ్లనే ఉన్నది, ఎవరన్న తెల్ల కోటింగ్ ఎందుకు దండగ అంటే అది చూపియ్యండి. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం చూసేటట్టు దించండి, పడమటి ఎండ గోడల మీద కొట్టొద్దు. ఒక వరుస వేప, కానుగ మొక్కలు పునాది రోజే పెట్టండి, బిల్డింగ్ పూర్తయ్యే దాకా ఆగితే రెండు ఎండకాలాలు పోతయ్.

ప్యానెల్ లోపల ఏ ఫోమ్ మంచిది?

థర్మాకోల్ అగ్గువ, కానీ జల్ది అంటుకుంటది, ఎలుకలు, చీమలు గూళ్ళు పెడ్తయ్. పఫ్ (పాలీయూరితేన్ ఫోమ్) వేడిని బాగ ఆపుతది కానీ నిప్పు అంటుకుంటే విషపు పొగ, బంధించిన జీవికి ఉరికే దారి లేదు. రాక్‌వూల్ (రాయి నుంచి తీసిన దూది లెక్కది) అంటుకోదు, కొంచెం బరువు, కొంచెం ఖరీదు, తడి తగిలితే పాడైతది కాబట్టి అంచులు గట్టిగ సీల్ చెయ్యాలె. నేనైతే కెన్నెల్స్ పైకప్పుకి రాక్‌వూల్, థియేటర్‌కి పఫ్ వేయిస్త. కుక్కకి అందే ఎత్తుల మాత్రం ఏ ప్యానెల్ అంచు బయటికి కనవడొద్దు, గోకుతది, కొరుకుతది, ఒక్క పొద్దుల ఫోమ్ బయటికి తీస్తది. నాలుగడుగుల కాంక్రీట్ గోడ అన్నది అందుకే.

నేల ఎట్లున్నా డబ్బ దించొచ్చు గదా?

గిట్ల అనుకొనే ఆగమైతరు. చెలక నేల, మొరం ఉంటే పెద్ద కిరికిరి లేదు. నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతది, ఎండకి పగుళ్ళు వడ్తది, నాలుగు దిమ్మెల మీద డబ్బ పెడ్తే ఒక దిమ్మె లేస్తది ఒకటి దిగుతది, ముందు దర్వాజలు పట్టేస్తయ్, తర్వాత మీరు కష్టపడి ఇచ్చిన వాలు తిరగబడి నీళ్ళు లోపలికి వస్తయ్. రేగడి తీసేసి మొరం నింపి గట్టిగ కొట్టి, మీద కాంక్రీట్ బెడ్ వెయ్యాలె, ఎంత లోతో సాయిల్ టెస్ట్ చెప్తది.

ఇగ మున్సిపాలిటీ ఇచ్చే జాగ ఎప్పుడూ రెండే, చెరువు పక్కన లేకుంటె డంపింగ్ యార్డ్ పక్కన. చెరువు అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళొచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఇడిసే జాగ) చూడకుండ ముగ్గు పొయ్యకండి. డంపింగ్ యార్డ్ పక్కన అయితే బయట కుక్కలు, ఈగలు, పొగ, లోపలున్న వాటికి రోగం బయట నుంచే వస్తది, కనీసం పలకల గోడ కింద సందు లేకుండ భూమిల దించాలె, కుక్క తవ్వి వస్తది.

లారీ మా సైట్‌కి వస్తదా?

ఎనిమిది అడుగుల వెడల్పు డబ్బ అయితే మామూలు ట్రైలర్ మీద వస్తది. పది, పన్నెండు అడుగులది అంటే ఓడీసీ (సైజు మించిన లోడ్) పర్మిషన్, రాత్రి ప్రయాణం, ఖర్చు. హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి దాకా, అటు జడ్చర్ల దాకా నాలుగు లైన్ల రోడ్డే, ఇబ్బంది ఉండదు, ఇబ్బంది అంతా చివరి రెండు కిలోమీటర్లల్ల. ట్రైలర్ మీద పెట్టినంక ఎత్తు పదమూడు పద్నాలుగు అడుగులైతది, రైల్వే అండర్‌బ్రిడ్జి, వేలాడే కరెంట్, కేబుల్ తీగలు, గల్లీ మలుపు, బతుకమ్మ, వినాయకుడి టైమ్‌ల కట్టిన కమాన్లు. మా ఒక ట్రైలర్ కమాన్ ముందు పొద్దంత నిలబడ్డది. ముందు రోజు బైక్ మీద ఒక మనిషిని పొడుగు కట్టె ఇచ్చి పంపండి, కొలుసుకుంట పోతడు. డబ్బ దించే హైడ్రా క్రేన్ నిలబడి తిరిగే జాగ కూడ చూడాలె.

నీళ్ళకి బోరు చాలదా?

కడగనీకి చాలు. తాగడానికి మిషన్ భగీరథ లైన్ పెట్టించండి. నల్గొండ జిల్లాల మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు భూమి నీళ్ళల్ల ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పేదేంది, నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు వడ్డది. వారం ఉండిపోయే కుక్కకి తేడా ఉండకపోవచ్చు, పదేండ్లు ఉండేదానికి, అక్కడ పనిచేసే మనుషులకి ఉంటది. రెండు ట్యాంకులు, రెండు రంగుల పైపులు, కలువొద్దు.

పార్వో వస్తే మొత్తం పోతయ్ అంటరు, నిజమేనా?

కుక్కలకి వచ్చే వైరస్ రోగం ఇది, కుక్కపిల్లలకి, టీకా లేనివాటికి చాన డేంజర్. ఆ వైరస్ నేలల, సందులల్ల నెలల తరబడి ఉంటది. మామూలు ఫినాయిల్‌కి సావదు, బ్లీచ్‌కి సస్తది, లిక్విడ్ బ్లీచ్ అయితే ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్ళు, పది నిమిషాలు తడి ఉండాలె. కానీ మురికి మీద బ్లీచ్ పోస్తే పని చెయ్యదు, ముందు సబ్బుతోని కడిగి తర్వాత బ్లీచ్. మూత్రం మీద డైరెక్ట్‌గ పోస్తే కండ్లు మండే గ్యాస్ లేస్తది, మూసిన డబ్బల అది ఇంకా ఘోరం. ఇంకో సంగతి, ఈ బ్లీచ్ జీఐ రేకుని, అంటే జింక్ పూత ఇనుప రేకుని, తింటది. రోజు బ్లీచ్ తగిలే దగ్గర రేకు పెట్టకండి, మళ్ళ ఆ కాంక్రీట్ గోడ దగ్గరికే వస్తున్న చూడండి.

డిస్టెంపర్ అనే ఇంకో కుక్కల రోగం గాలిల పోతది కాబట్టి రోగాల వార్డు వేరే డబ్బ, వేరే ఫ్యాన్, వేరే చీపురు, వేరే చెప్పులు. ఇక్కడ మాడ్యులర్ నిజంగ అక్కరకొస్తది, ఒక్క డబ్బని యాభై అడుగుల అవతల పెట్టొచ్చు, ఇటుక బిల్డింగ్‌ల ఎంత గోడ కట్టినా ఒకటే వరండా.

రేబిస్ అనుమానం ఉన్నదాన్ని పెట్టే గది గట్టి తలుపు, బయట నుంచే గిన్నె తోసే సందు, చూడనీకి అద్దం ఉండాలె. అక్కడ పనిచేసే అందరికి ముందస్తు రేబిస్ టీకాలు ఇప్పియ్యండి, బిల్డింగ్ కంటే ముందు అది.

కరెంట్ సంగతి?

ఇనుప డబ్బ, తడి నేల, ఒట్టి కాళ్ళు. ఎర్తింగ్ సరిగ లేకుంటె ఒక్క వైర్ కోసుకపోతే కథ అయిపోతది. ప్రతి డబ్బకి వేరే ఎర్త్, బోర్డుల కరెంట్ లీకైతే టక్కున బంద్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, స్విచ్చులు ఐదడుగుల పైన, వైర్లు కుక్కకి అందని పైపుల. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలె, ఆ బటన్ ఎందుకుంటదో చానమందికి తెల్వదు.

మొరుగుడుకి కాలనీవాళ్ళు లొల్లి చేస్తరు గదా?

చేస్తరు, చేస్తే తప్పు లేదు. కెన్నెల్స్ లోపల మొరుగుడు వంద డెసిబెల్స్ దాటుతది, రేకు గోడలల్ల అది ఇంకా మోగుతది. ఎదురెదురు కెన్నెల్స్ పెడ్తే ఒకదాన్ని చూసి ఒకటి రాత్రంత మొరుగుతయ్, ఒకటే వరుస పెట్టండి, మధ్య గోడలు కుక్క తల కంటే ఎత్తుండాలె. రాక్‌వూల్ చప్పుడుని కూడ కొంచెం మింగుతది. కాలనీ దిక్కు ఆఫీసు, స్టోర్ పెట్టి కుక్కల్ని అవతలికి పెట్టండి. ఇవన్నీ చేసినా కొంత వినపడ్తది, లేదని మాట ఇయ్యకండి.

అంత ఖర్చెందుకు, ఊరవతల ఇడిసిపెడ్తే అయిపాయె గదా?

ఊరవతల అంటే ఇంకోల ఊరే. 2024 ఫిబ్రవరిల అడ్డాకుల మండలం పొన్నకల్‌ల రాత్రి పూట వచ్చి ఇరవై దాకా కుక్కల్ని తుపాకీతోని కాల్చిన సంగతి మన మహబూబ్‌నగర్ జిల్లాదే. జంతువుని సంపితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 325 సెక్షన్, ఐదేండ్ల దాకా జైలు.

టెండర్ల ఎక్కడ ఆగుతది?

ఎస్టిమేట్ దగ్గర. సర్కారు రేట్లుండే ఎస్‌ఎస్‌ఆర్ బుక్‌ల కాంక్రీట్, ఇటుక రేట్లు దొరికినంత తేలికగ ప్యానెల్, డబ్బ రేట్లు దొరకవు, కొటేషన్లు తెచ్చి రేట్ అనాలిసిస్ పెట్టాలె, దాని మీద కొర్రీలు వస్తయ్. రెండోది బిల్లు. మన దగ్గర సైట్‌ల అయిన పని ఎంబీల (కొలతల పుస్తకంల) రికార్డ్ అయితేనే బిల్లు. మాడ్యులర్‌ల సగం పని ఫ్యాక్టరీల అయిపోతది, సైట్‌ల చూస్తే ఖాళీ బెడ్ ఉంటది, ఏఈ ఏం రాస్తడు? కాంట్రాక్టర్ పైసల్లేక ఫ్యాక్టరీకి కట్టడు, ఫ్యాక్టరీ డబ్బ ఇడువది. అందుకే అగ్రిమెంట్‌లనే రాయించండి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్షన్ అయినంక ఇంత, సైట్‌ల దించినంక ఇంత, వాలు టెస్ట్ అయినంక ఇంత అని.

డబ్బల కొటేషన్ చూసి ఇంతేనా అనుకోకండి. అండ్ల పునాది, మోరీ, సెప్టిక్ ట్యాంక్, కాంపౌండ్, ట్రాన్స్‌ఫార్మర్, బోరు, రోడ్డు ఉండయ్. అసలు ఖర్చు ఆ ఉండనియ్‌లనే ఉంటది. ఆపరేషన్ వ్యర్థాలు పసుపు బ్యాగుల్ల బయోమెడికల్ వేస్ట్ బండికి పోవాలె, దానికి నెల నెల ఖర్చు. ఏబీసీ పని మొదలుపెట్టాలంటే యానిమల్ వెల్ఫేర్ బోర్డు గుర్తింపు కావాలె, డ్రాయింగ్ దశలనే వాళ్ళ లిస్ట్ ముందల పెట్టుకొని గీయండి, సీసీ కెమెరాలతో సహా.

పాత షిప్పింగ్ కంటైనర్ సస్తగ దొరుకుతుంది, కొనొచ్చా?

సామాన్ల స్టోర్‌కి కొనండి. జీవాలకి వద్దు. అండ్ల ప్లైవుడ్ ఫ్లోర్‌కి పురుగు పట్టకుండ మందులు కొట్టి ఉంటరు, అండ్ల ఏమేం మోసిన్రో తెల్వదు, కిటికీలు కోస్తే బలం పోతది, ఎండకి గాలాడదు.

అండ్లనే ఆవులు, కోతులు కూడ పెట్టొచ్చా?

ఆవులకి మన పాత బందెల దొడ్డి పద్ధతే నయం, చుట్టూ గట్టి కంచె, షెడ్డు, నీళ్ళ తొట్టి, మొరం నేల. ఎపాక్సీ ఫ్లోర్ మీద గిట్టలు జారుతయ్. గేటు వేరే పెట్టండి, కుక్కల మొరుగుడు వినపడితే ఆవులు బెదిరి కంచెల మీద పడ్తయ్. కోతుల పని అటవీశాఖది, నిర్మల్ దగ్గర వాటికి 2020లనే సెంటర్ పెట్టిన్రు.

ఎన్నేండ్లు ఉంటది?

ఫ్రేమ్‌కి గాల్వనైజింగ్ మంచిగుండి, తడి తగలకుంటె ఇరవై ఏండ్లు పోతది. తడి తగిలితే నాలుగో ఏడు కింద అంచు తుప్పు రాలుతది. వాటర్ సంప్ మీద ఉన్నంత ధ్యాస డబ్బ కింద అంచు మీద పెట్టండి, భూమికి ఒక అడుగు ఎత్తుల ఉండాలె, కిందికి వంగి చూసే సందు ఉండాలె.

మాకు ఇంజినీరింగ్ రాదు, హ్యాండోవర్ రోజు ఏం చూడాలె?

ఫోటోల టైమ్ కంటే ఒక గంట ముందు పోండి. ఒక బకెట్, ఒక గడియారం, కొన్ని బియ్యపు గింజలు పట్టుకపోండి. ప్రతి కెన్నెల్ వెనక మూలల గింజలు చల్లి బకెట్ నీళ్ళు పొయ్యండి, గింజలు వాటంతటవే మోరీల పడాలె, చీపురు పట్టొద్దు. ఐదు నిమిషాలకి ఎక్కడన్న చెంబెడు నీళ్ళు నిలిస్తే సున్నంతోని చుట్టూ గీసి ఏఈ ముందటనే ఫోటో తియ్యండి. తర్వాత మధ్య తలుపు తాడు గుంజి చూడండి, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూడండి, మధ్యాహ్నం రెండింటికి దర్వాజలన్నీ పెట్టుకొని ఒక కెన్నెల్ల మీరే పావుగంట కింద కూసోండి. చివరికి ఆ కడిగే ఆమెని పిలిచి పైపు చేతికిచ్చి ఒక కెన్నెల్ కడగమనండి, ఆమె ఎక్కడ ఆగి చీపురు కోసం చూస్తదో అక్కడ గుర్తు పెట్టుకోండి, సంతకం దాని తర్వాతనే.